ఆ రోజు స్కాన్ నార్మలే.. మరి ఇప్పుడీ తల బరువు ఏమిటి?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. ఇరవై రెండు రోజుల క్రితం నాన్న సైకిల్ వెనక అమ్మను (61 ఏళ్లు) కూర్చోబెట్టుకుని సంతకు వెళ్తుంటే కారు గుద్దింది. నాన్న గీసుకుపోయిన దెబ్బలతో బయటపడ్డారు. అమ్మకు ఎడమ మోకాలి కింద ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. తల వెనక నాలుగు కుట్లు పడ్డాయి. ఆ రోజు తీసిన సీటీ స్కాన్ నార్మల్ అన్నారు. నాలుగు రోజులుగా తల బరువుగా ఉందంటోంది, పగలు కూడా మగతగా పడుకుంటోంది. నిన్న కుడి చేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది. గుండెకు స్టెంట్ ఉంది, రక్తం పలచబడే మాత్రలు వాడుతోంది. 'ఏటి లేదురా, నీరసం. స్కాన్ బాగుందన్నారు కదా' అని ఆసుపత్రికి రానంటోంది. కాలి చెకప్‌కు ఇంకా మూడు వారాలుంది. అప్పటిదాకా ఆగవచ్చా?

జవాబు: ఆగొద్దు. ఈ రోజే, ఇప్పుడే, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీకు శ్రీకాకుళం పెద్దాసుపత్రి దగ్గర. బండి వెనక మాత్రం కూర్చోబెట్టకండి, 108కి ఫోన్ చేయండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

ఆ రోజు స్కాన్ తప్పని నేననడం లేదు. ఆ పూటకు తల లోపల ఏముందో అది చెప్పింది, అంతే. వయసు పైబడేకొద్దీ మెదడు కాస్త కుంచించుకుపోయి, మెదడుకూ దాని పైపొరకూ మధ్య ఉండే సన్నని సిరలు సాగి బిగుసుకుంటాయి. దెబ్బకు వాటిలో ఒకటి చిరిగితే రక్తం ధారగా కారదు, కుండ చెమర్చినట్టు కొద్దికొద్దిగా ఊరుతుంది. రెండు మూడు వారాలకో, ఒక్కోసారి రెండు నెలలకో మెదడును నొక్కడం మొదలవుతుంది. దీన్ని సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. మీ అమ్మగారికి అయింది ఇదేనని చూడకుండా చెప్పలేను. కానీ తల బరువు, పగటి మగత, జారిన గ్లాసు.. మూడూ కలిపి చూస్తే నాకు దీని మీదే అనుమానం.

108 వచ్చేలోపు ఒకటి చూడండి. కళ్లు మూసుకుని, అరచేతులు పైకి పెట్టి, రెండు చేతులూ ముందుకు చాచమనండి. పది అంకెలు లెక్కపెట్టండి. ఒక చెయ్యి మెల్లగా కిందికి దిగినా, అరచెయ్యి లోపలికి తిరిగినా అక్కడి డాక్టరుకు చెప్పండి. దిగకపోయినా స్కాన్ మానొద్దు.

రక్తం ఎక్కువగా చేరి ఉంటే పుర్రెకు ఒకటి రెండు చిన్న రంధ్రాలు చేసి తీసేస్తారు. వేళకు తీస్తే చాలామంది బాగా కోలుకుంటారు. న్యూరోసర్జన్ అవసరమై విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు పంపినా కంగారు పడకండి. మాత్రల స్ట్రిప్పులన్నీ వెంట తీసుకెళ్లండి. స్టెంట్ ఉంది కాబట్టి మీ అంతట మీరు ఆపేయొద్దు, తర్వాతి డోసు డాక్టర్‌ని అడిగాకే వేయండి. మందుల షాపులో అడిగి తెచ్చే నొప్పి బిళ్లలు అసలే వద్దు, రక్తం పలచబడే మాత్రలతో కలిస్తే వాటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి.

ఇంకో మాట. తొక్కేవారి చేతిలో హ్యాండిల్ ఉంటుంది. వెనక ఒక పక్కకు కాళ్లు వేసుకుని కూర్చున్నవారికి పట్టుకోవడానికి ఏముంటుంది? వచ్చే కారు కనిపించదు, వెల్లకిలా పడతారు. అందుకే తుంటి, నడుము, మెడ కూడా ఒకసారి చూడమనండి. విరిగిన కాలి హడావుడిలో ఇవి మరుగున పడిపోవడం నేను చాలాసార్లు చూశాను. నాన్నగారికి తలకు ఏమైనా తగిలిందేమో కూడా అడగండి, 'నాకేం కాలేదు' అంటే నమ్మేయకండి.

ఇక కాలు. రాడ్ వేసిన ఎముక అతకడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఎంత బరువు మోపాలో ఆపరేషన్ చేసిన సర్జన్ ఎక్స్‌రే చూసి చెబుతారు. ఈలోగా పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. అప్పుడు చెకప్ తేదీ కోసం చూడొద్దు. పిక్కకు నూనె రాసి మర్దన చేయడం, నాటు కట్టు కట్టించడం వద్దే వద్దు.

మీ దగ్గర చాలా ఇళ్లలో ఆపరేషన్ అయితే పప్పు మానేస్తారు, చీము పడుతుందని. పప్పుకూ చీముకూ ఏ సంబంధం లేదు. పప్పు, గుడ్డు, చేప, చోడి (రాగి) అంబలి పెట్టండి, ఎముకకు కావాల్సింది అవే. హారన్ వినగానే ఉలిక్కిపడుతుంటే, నిద్రలో లేస్తుంటే నెలలో తగ్గుతుందేమో చూడండి. తగ్గకపోతే సైకియాట్రిస్టుకు చూపించడానికి మొహమాటపడకండి.

కేసు కాగితాలు, బిల్లులు ఒక కవరులో దాచండి, నష్టపరిహారం కేసు ఆరు నెలల్లోపే వేయడం మంచిది. ఆ పని తర్వాత చూసుకోవచ్చు. ఇప్పుడు మాత్రం బీరువాలోంచి డిశ్చార్జి కాగితం, ఆ రోజు తీసిన పాత సీటీ ఫిల్ములు తీసి చేతిలో పెట్టుకోండి. కొత్త స్కాన్ పక్కన పెట్టి చూడటానికి డాక్టరుకు అవి కావాలి.