మీ బాపు సీకో ఏ ఏటిది?

చిరంజీవి మేనల్లుడికి, కరీంనగర్ నుంచి మీ మామ ఆశీర్వదించి రాయునది.

బావ దుబాయి నుంచి తెచ్చుకున్న సీకో ఆటోమేటిక్ (చేయి కదలికతోనే చాబీ పడే) చేతి గడియారం ఏ మోడలో, ఏ సంవత్సరంలో తయారైందో తెలుసుకోవడం ఎలాగని అడిగావు. ముందుగా చెప్పేదేమంటే, డయల్‌ను చూసి వయసు కట్టవద్దు. పాత గడియారంలో అందరి కన్నూ పడేది డయల్ మీదే కనుక, వెలిసిపోయిన దానికి కొత్తగా రంగు వేసి, పేరు అచ్చువేసి అమ్మడం మన దేశంలో చాలాకాలంగా ఉన్నది. కేసు, అంటే బయటి లోహపు తొడుగు, అంతా గీతలు పడి, డయల్ మాత్రం నిన్ననే చేసినట్టు మెరుస్తుంటే అనుమానించాల్సిందే.

వెనుక మూతతో మొదలుపెట్టు. దాని మీద మధ్యలో అడ్డగీతతో నాలుగేసి అంకెలుగా ఉన్నది మోడల్ సంఖ్య. అందులో మొదటి నాలుగు అంకెలు లోపలి యంత్రం రకాన్ని, తరువాతి నాలుగు కేసు రకాన్ని తెలుపుతాయి. విడిగా ఆరు స్థానాలలో ఉండేది సీరియల్ నంబరు. దాని మొదటి అంకె తయారైన సంవత్సరంలోని చివరి అంకె, రెండవది నెల. సెప్టెంబరు దాకా 1 నుంచి 9 అంకెలు వేసి, అక్టోబరుకు సున్నాలా కనిపించే ‘ఓ’, నవంబరుకు ‘ఎన్’, డిసెంబరుకు ‘డి’ అనే ఇంగ్లీషు అక్షరాలు వేశారు. అంకెలు అరిగిపోయి ఉంటే టార్చిలైటును పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫోనులో ఫొటో తీసుకో. పొడి బ్రష్షుతో మురికి దులిపితే చాలు, మెరుగు పెట్టించావంటే మిగిలిన అంకెలు కూడా పోతాయి.

చిక్కంతా దశాబ్దం దగ్గరే వస్తుంది. సీరియల్ నంబరు 4తో మొదలైతే అది 1974 కావచ్చు, 1984 కావచ్చు, 1994 కూడా కావచ్చు. దాన్ని తేల్చేది యంత్రం సంఖ్య. ఉదాహరణకు 6309 రకాన్ని 1976 నుంచి 1988 వరకు తయారు చేశారు కనుక, ఆ రకానికి 4 అంటే 1984 తప్ప మరొకటి కాదు. అదే 8తో మొదలైతే 1978, 1988 రెండూ సరిపోతాయి. అప్పుడు బావ పాత పాస్‌పోర్టులోని ముద్రలు, ఆయన చేతికి గడియారం కనిపించే ఫొటోలు వెతకాలి. మూత మీది నెల తయారైన నెల మాత్రమే, కొన్న నెల కాదు. జపాన్‌లో తయారైన సరుకు గల్ఫు దుకాణానికి చేరి అమ్ముడుపోయేసరికి ఎంతో కొంత కాలం పడుతుంది కదా. ఒకవేళ యంత్రం సంఖ్య 7ఎస్26 అని ఉంటే, అది 1996లో వచ్చిన రకం కనుక, ఎనభైలలో కొన్న గడియారంలో ఉండే వీలు లేదు.

తరువాత మూత తెరిపించాలి. ఆ పని నీవు కత్తితో చేయవద్దు, సరైన పనిముట్టు ఉన్న మెకానిక్ దగ్గర నీ ఎదుటే తీయించు. చేయి కదిలినప్పుడు ఊగే అర్ధచంద్రాకారపు బరువు మీద గాని, దాని కిందనున్న యంత్రం మీద గాని యంత్రం సంఖ్య ఉంటుంది. డయల్ అడుగు అంచున భూతద్దంతో చూస్తే కనిపించే చిన్న అక్షరాలలోనూ అదే సంఖ్య ఉండాలి. మూత, యంత్రం, డయల్ మూడూ ఒకే మాట చెబితేనే గడియారం కలగాపులగం కాలేదని నమ్మవచ్చు. మూత ఒక్కటే వేరుగా ఉంటే, దాని మీది సీరియల్ నంబరు ఆ మూత వయసే చెబుతుంది, గడియారం వయసు కాదు.

వారం చూపే చక్రాన్ని కూడా పరిశీలించు. ఇంగ్లీషుతో పాటు అరబ్బీ లిపిలో వారాల పేర్లు కనిపిస్తే అది గల్ఫు బజారుకు వెళ్ళిన సరుకని గట్టిగా అనుకోవచ్చు. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వెళ్ళినవారు తెచ్చిన వాటిలో అలాంటివి కనిపిస్తాయి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము నాలుగు మధ్యన ముళ్ళు ఉన్నప్పుడు మాత్రం వారాన్ని, తేదీని తిప్పవద్దు, లోపలి చక్రాల పళ్ళు విరగవచ్చు. ముందు ముళ్ళను ఆరు దగ్గరికి తెచ్చుకో.

మీ తాతగారి చాబీ ఇచ్చే హెచ్‌ఎంటీ జనతా గురించి కూడా అడిగావు. దానికి ఈ లెక్క పనికిరాదు. జపాన్‌లోని సిటిజన్ సహకారంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ గడియారాల తయారీ 1961లో మొదలైంది కనుక అంతకు ముందుది కాదని మాత్రం చెప్పవచ్చు.

సీకో మూత మీది రెండు సంఖ్యలు, లోపలి యంత్రం సంఖ్య, డయల్ అడుగు అంచు, వారం చక్రం, వీటన్నింటి ఫొటోలు పంపు. అవి చూశాక మిగతాది రాస్తాను.

ఇట్లు,
మీ మామ