వాల్వ్ రెక్టిఫయరా, సిలికాన్ డయోడ్లా? ట్యూబ్ ఆంప్లిఫయర్‌కు ఎలాంటి ట్రాన్స్‌ఫార్మర్ కావాలి?

రెక్టిఫయర్ అంటే ఏసీని డీసీగా మార్చే భాగం; దాన్ని వాల్వ్‌తో (అంటే ట్యూబ్‌తో) గానీ, సిలికాన్ డయోడ్లతో గానీ కట్టొచ్చు. ముందు స్పీకర్‌ను నడిపే అవుట్‌పుట్ దశను చూడండి. ఒకే ఈఎల్84 అవుట్‌పుట్ ట్యూబ్‌తో క్లాస్-ఏలో (ట్యూబ్ ఎప్పుడూ పూర్తిగా ఆగని పద్ధతిలో) నడిచే ఆంప్లిఫయర్ తీసుకునే కరెంటు దాదాపు మారదు, కాబట్టి రెక్టిఫయర్ మార్చినా వినికిడిలో పెద్ద తేడా ఉండదు. క్లాస్-ఏబీ (రెండు వైపుల ట్యూబులు పెద్ద శబ్దాల్లో వంతులవారీగా పనిచేసే) గిటార్ ఆంప్లిఫయర్ సంగతి వేరు. తీగను గట్టిగా మీటగానే కరెంటు ఎగబాకుతుంది, వాల్వ్ రెక్టిఫయర్‌లో వోల్టేజి పడిపోతుంది, స్వరం కాస్త అణిగి మళ్లీ లేస్తుంది. ఆ అణుగుడు బాగా కావాలంటే 5వై3 రెక్టిఫయర్ వాల్వ్ వాడండి. కొంచెం చాలనుకుంటే జీజెడ్34 వాల్వ్. రెండింటికీ ట్రాన్స్‌ఫార్మర్‌లో 5 వోల్టుల ఫిలమెంట్ వైండింగ్ (వాల్వ్‌ను వేడిచేసే తీగచుట్ట) విడిగా కావాలి. జీజెడ్34 తర్వాతి మొదటి కెపాసిటర్ 60 మైక్రోఫారడ్లు దాటకూడదు.

పాటలు వినడానికే అయితే నా ఓటు సిలికాన్‌కే. 300-0-300 (మధ్య కొస, అంటే సెంటర్ ట్యాప్, నుంచి రెండు వైపులా 300 వోల్టుల ఏసీ ఇచ్చే) ట్రాన్స్‌ఫార్మర్‌తో లోడు లేనప్పుడు సుమారు 424 వోల్టుల డీసీ వస్తుంది. మెయిన్స్ 10 శాతం పెరిగితే 466! అందుకే 450 వోల్టుల కెపాసిటర్ పనికిరాదు, 500 వోల్టులది తీసుకోండి. 1ఎన్4007 డయోడ్లు ఒక్కో వైపు రెండేసి వరుసగా కలపండి.

సెంటర్ ట్యాప్ లేకుండా నాలుగు వైపుల డయోడ్లతో బ్రిడ్జి రెక్టిఫయర్ కడితే 100 మిల్లీఆంపియర్ల డీసీకి వైండింగ్ దాదాపు 160 మిల్లీఆంపియర్లది ఉండాలి. ఈ లెక్క తప్పితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

కెపాసిటర్‌కు సమాంతరంగా బ్లీడర్ రెసిస్టర్ (స్విచ్ ఆపాక మిగిలిన ఛార్జిని ఖాళీ చేసేది) తప్పనిసరి. స్విచ్ ఆపాక కూడా మీటరుతో వోల్టేజి చూడకుండా లోపల చేయి పెట్టకండి.