లేఆఫ్ భయం ఉన్నప్పుడు కంపెనీ ఆరోగ్య బీమాను వదులుకోవచ్చా?

ప్రశ్న: మావారు హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద అమెరికాలోని డాలస్‌లో ఒక పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. నేను ఆయన మీద ఆధారపడిన హెచ్-4 వీసా మీద ఉన్నాను. నాకిప్పుడు ఐదో నెల. నాలుగేళ్ల బాబు ఉన్నాడు. కంపెనీలో లేఆఫ్‌లు ఉంటాయని అంటున్నారు. ఇకముందు కంపెనీ ఇన్సూరెన్సులు తీసేసి ఆ డబ్బు మనకే ఇస్తారనీ, ఇప్పుడే సొంతంగా పాలసీ కొనుక్కుంటే మంచిదనీ స్నేహితులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: కంపెనీ బీమాను మీ అంతట మీరు వదులుకోవద్దు. కాన్పు దగ్గర పడుతున్న ఈ సమయంలో ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. కంపెనీ బీమాను రద్దు చేసే చట్టమేదీ రాలేదు. 2025 చివర్లో వాషింగ్టన్‌లో జరిగిన గొడవంతా మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ప్రభుత్వం ఏర్పాటు చేసిన బీమా కొనుగోలు వేదికలో, సొంతంగా బీమా కొనుక్కునేవారికి ఇచ్చే అదనపు సబ్సిడీల గురించి. 2021లో మొదలైన ఆ సబ్సిడీలను పొడిగించాలా వద్దా అన్న పేచీతోనే ప్రభుత్వ కార్యాలయాలు 43 రోజులు మూతపడ్డాయి. చివరికి పొడిగింపు లేకుండానే ఆ ఏడాదితో అవి ముగిసిపోయాయి. డబ్బును బీమా సంస్థలకు కాకుండా నేరుగా ప్రజలకే ఇవ్వాలని అధ్యక్షుడు ట్రంప్ అన్నది కూడా ఆ సందర్భంలోనే. మీ స్నేహితుల మాట అక్కడి నుంచే పుట్టి ఉంటుంది.

కంపెనీ బీమా మీద చర్చ మాత్రం చాలా పాతది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, జీతాల పెంపు మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టడంతో పనివాళ్లను నిలుపుకోవడానికి కంపెనీలు ఆరోగ్య బీమా ఇవ్వడం పెరిగింది. కంపెనీ కట్టే ప్రీమియాన్ని ఉద్యోగి ఆదాయంగా లెక్కించకూడదన్న నియమం 1954 పన్ను చట్టంతో స్థిరపడింది. 2008 ఎన్నికల్లో జాన్ మెక్‌కెయిన్ ఈ రాయితీని తీసేసి కుటుంబానికి 5,000 డాలర్ల పన్ను క్రెడిట్ ఇద్దామన్నారు. అది ముందుకు సాగలేదు. 2010లో ఒబామా తెచ్చిన చట్టం ఖరీదైన కంపెనీ ప్లాన్ల మీద 40 శాతం పన్ను విధించింది గానీ, అది ఒక్క రోజైనా అమలు కాకముందే 2019లో రద్దయింది. ప్లాన్‌కు బదులుగా ఉద్యోగికి డబ్బిచ్చి బయట కొనుక్కోమనే వీలు 2020 నుంచి కంపెనీలకు ఉన్న మాట నిజమే, కానీ ఆ నిర్ణయం కంపెనీది, మీది కాదు.

మనిషి వైద్యాన్ని అతని ఉద్యోగానికి ముడిపెట్టడం అన్యాయమనే నేను నమ్ముతాను. ఉద్యోగం పోయిన రోజు నుంచి వీసా గడువూ, బీమా గడువూ ఒకేసారి మీద పడే మన కుటుంబాలకు ఆ అన్యాయం రెట్టింపుగా తగులుతుంది. అయినా ఆ ముడి ఎప్పుడో విడిపోతుందన్న ఆశ మీద మీ ఇంటి లెక్క వేసుకోకూడదు.

కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్‌గా పేరుపడిన కేఎఫ్ఎఫ్ సంస్థ 2025 సర్వే ప్రకారం కంపెనీ ద్వారా వచ్చే కుటుంబ బీమా సగటు ఖరీదు ఏడాదికి 26,993 డాలర్లు. అందులో ఉద్యోగి జీతంలోంచి పోయేది 6,850, అంటే నెలకు సుమారు 571 డాలర్లు. మిగతాది కంపెనీ కడుతుంది, దాని మీద మీకు పన్ను లేదు. ఇది వదిలేసి మార్కెట్‌ప్లేస్‌కు వెళితే, కంపెనీ ఇవ్వజూపే ప్లాన్ చట్టం దృష్టిలో అందుబాటు ధరలో ఉన్నంతకాలం మీకు సబ్సిడీ రాదు. పైగా ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా బీమాలో చేరడానికి ఇచ్చే గడువు) దాటాక కంపెనీ ప్లాన్‌ను ఇష్టపూర్వకంగా మానేసినవారికి అక్కడ చేరే అవకాశమే ఉండదు.

ఇక ఉద్యోగం నిజంగానే పోతే మీకు అండగా నిలిచేది 1986 నాటి కోబ్రా చట్టం. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీ అయితే అదే ప్లాన్‌ను 18 నెలల వరకు కొనసాగించుకోవచ్చు, వీసాతో దీనికి సంబంధం లేదు. అయితే మొత్తం ప్రీమియం మీరే కట్టాలి, దాని మీద మరో 2 శాతం నిర్వహణ ఖర్చు. పైన చెప్పిన సగటు లెక్కన నెలకు 571 కాస్తా సుమారు 2,294 డాలర్లవుతుంది. మీ అసలు అంకె తెలుసుకోవడానికి మీవారి డబ్ల్యూ-2 (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్ను పత్రం) తీసి 12వ గడి చూడండి. డీడీ అన్న అక్షరాల పక్కన ఉండే మొత్తం, ఆ ఏడాది మీ వాటా, కంపెనీ వాటా కలిపిన బీమా ఖర్చు. దాన్ని కవరేజీ ఉన్న నెలలతో భాగించి 2 శాతం కలపండి.

ఈ మొత్తం చూసి బెదరకండి. కోబ్రా తీసుకోవాలా వద్దా తేల్చుకోవడానికి, నోటీసు అందిన రోజు లేదా బీమా ఆగిన రోజు, ఏది తర్వాతైతే అక్కడి నుంచి 60 రోజులుంటాయి. ఒప్పుకున్నాక మొదటి చెల్లింపుకు మరో 45 రోజులు. ఎప్పుడు ఒప్పుకున్నా బీమా ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది, ఆ రోజు నుంచి ప్రీమియం కట్టాల్సిందే. అందరూ తీసుకోవాలన్న నియమం కూడా లేదు. మీరొక్కరే కొనసాగవచ్చు, కేఎఫ్ఎఫ్ చెప్పిన ఒక్కరి సగటు ప్రీమియం 9,325 డాలర్ల లెక్కన అది నెలకు సుమారు 793 డాలర్లు. మీ విషయంలో నేను దీనికే మొగ్గుతాను. ఈ ఏడాది స్కానింగులకూ పరీక్షలకూ మీరు కట్టిన డిడక్టబుల్ (బీమా సంస్థ చెల్లించడం మొదలుపెట్టే ముందు మనం సొంతంగా భరించాల్సిన మొత్తం) కోబ్రాలో అలాగే లెక్కలో ఉంటుంది, డాక్టరూ ఆసుపత్రీ మారవు. కొత్త ప్లాన్‌లో చేరితే డిడక్టబుల్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

మీవారికీ బాబుకూ మార్కెట్‌ప్లేస్ ప్లాన్ చూడవచ్చు. ఉద్యోగ బీమా పోయాక చేరడానికి అక్కడా 60 రోజులే గడువు. సబ్సిడీ మీద ఆశ పెట్టుకోకండి. 2026లో ముగ్గురున్న కుటుంబానికి ఏడాది ఆదాయం 1,06,600 డాలర్లు దాటితే పైసా రాదు, లేఆఫ్‌కు ముందు అందిన జీతం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పొరపాటున ఎక్కువ తీసుకుంటే 2026 నుంచి మొత్తం తిరిగి కట్టాలి. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం 2027 జనవరి 1 నుంచి హెచ్-1బీ, హెచ్-4 వారికి సబ్సిడీ అర్హతే ఉండదు, పూర్తి ధర పెట్టి కొనుక్కోవాల్సిందే. మన కుటుంబాలు ఎక్కువగా చర్చించుకోవాల్సిన మార్పు ఇది. విచిత్రంగా, దీని గురించి నన్ను అడిగినవారు చాలా తక్కువ.

కొత్త ఉద్యోగం దొరికినా అక్కడి బీమా మొదలవడానికి 90 రోజుల వరకు పట్టవచ్చు. కాబట్టి ఇంటి ఖర్చుల కోసం దాచిన డబ్బు కాకుండా, నాలుగు నెలల కోబ్రా ప్రీమియానికి సరిపడా మొత్తాన్ని వేరే సేవింగ్స్ ఖాతాలో పెట్టండి. మీ ప్లాన్‌కు హెచ్ఎస్ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతా) ఉంటే ఇప్పటి నుంచే అందులో వేయండి. కోబ్రా ప్రీమియాన్ని దానిలోంచి పన్ను లేకుండా కట్టవచ్చు. చివరి పనిదినంతోనే బీమా ఆగుతుందా, ఆ నెలాఖరు దాకా ఉంటుందా అన్నది మీవారిని ఈ వారమే ప్లాన్ పత్రంలో చూసుకోమనండి.