దిగుమతి అనుమతుల ఉద్యోగం గుమాస్తా పనేనా?

ప్రశ్న: వ్యవసాయ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. మొక్కలు, జంతు ఉత్పత్తుల దిగుమతికి అనుమతులిచ్చే విభాగంలో చేరాలని ఉంది. అది ముద్రలు వేసే పని అని నాన్న అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ నాన్నగారు చెప్పినదాంట్లో సగం నిజముంది. ఈ ఉద్యోగంలో కాగితాలు చాలా ఉంటాయి, ఆ విషయం దాచను. అయితే ఆ కాగితం మీది షరతులను నిర్ణయించడమే ఇందులో అసలైన పని. ఫలానా పండుతో ఏ పురుగు రావచ్చు, వస్తే మన వాతావరణంలో బతుకుతుందా, ఏ పంటలకు పాకుతుంది అని తేల్చాలి. ఆ తర్వాతే శీతల చికిత్స (పురుగు చచ్చేలా పండ్లను కొన్నాళ్లు చలిలో ఉంచడం) అడగాలా, పూర్తిగా ఆపాలా అన్నది. మనసుకు తోచినట్టు ఆపడానికి వీల్లేదు. 1995 నుంచి అమలులో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం ఆంక్షకు శాస్త్రీయ ఆధారం ఉండాలి. సరుకును కట్టిన చెక్క పెట్టెకూ లెక్క ఉంది: చెక్కలో దాగిన పురుగులు చావడానికి లోపలి భాగం సహా 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30 నిమిషాలు ఉండాలన్నది ఆమోదించిన పద్ధతుల్లో ఒకటి.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? 1920లో భారత్ నుంచి బ్రెజిల్ వెళ్తున్న పశువులు దారిలో ఆంట్‌వెర్ప్ రేవులో ఆగాయి. వాటి నుంచి రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి బెల్జియంలోకి పాకింది. జంతువుల వ్యాధులపై నిఘాకు 1924లో పారిస్ కేంద్రంగా అంతర్జాతీయ సంస్థ ఏర్పడింది ఆ దెబ్బతోనే.

జంతువుల వైపు మాత్రం ఆశ పెంచుకోకండి. అక్కడ నిర్ణయాలు, సంతకాలు ఎక్కువగా పశువైద్యులవే. మీ చదువుకు మొక్కల క్వారంటైన్ సరిపోతుంది. కీటకశాస్త్రంలోనో మొక్కల తెగుళ్ల శాస్త్రంలోనో పీజీ చేయండి. లార్వాను చూసి జాతిని గుర్తుపట్టగలవారికి ఇక్కడ ఉండే విలువ వేరు.

ప్రభుత్వ ఖాళీలు తక్కువగా ఉంటే దిగుమతి సంస్థలవైపు చూడండి. అక్కడ కొత్తవారు తరచూ తడబడేది ఒక్కచోటే. దిగుమతి అనుమతి ఇచ్చేది సరుకు కొనే దేశం, అదీ సరుకు బయలుదేరకముందే. సరుకును తనిఖీ చేశాం, పురుగూ తెగులూ విషయంలో షరతులకు తగ్గట్టుంది అని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఇచ్చేది పంపే దేశం. ఒకటి ఉందని రెండోది వదిలేస్తే కంటైనర్ రేవులోనే నిలిచిపోతుంది, పండ్లయితే కుళ్లిపోతాయి. ఆ రోజు వ్యాపారి ఫోను ఎత్తడానికి గుండె ధైర్యం కావాలి!

ఈ సెలవుల్లో ఒక పండును, ఒక దేశాన్ని ఎంచుకుని ఆ పండుతో రాగల పురుగుల జాబితా తయారుచేయండి. అంతర్జాతీయ మొక్కల సంరక్షణ ఒప్పందం కింద ఉన్న ప్రమాణాలను ఉచితంగానే చదువుకోవచ్చు. ఆ జాబితాను ముందు మీ కీటకశాస్త్రం అధ్యాపకులకు చూపించి తప్పులు దిద్దించుకోండి.