ఏ మాత్ర ఆపాలి?

ప్రశ్న: మా అత్తగారికి 76 ఏళ్ళు. బీపీకి ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, షుగర్‌కి గ్లిబెన్‌క్లమైడ్, మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు. మోకాళ్ళకి ఎముకల డాక్టర్ డైక్లోఫెనాక్ రాశారు. కాళ్ళు వాస్తే ఇంకొకరు ఫ్రూసెమైడ్, నిద్రపట్టక ఆల్ప్రాజోలామ్, ఇవికాక గ్యాస్ మాత్ర. ఈమధ్య రాత్రి బాత్రూమ్‌కి లేచి రెండుసార్లు పడ్డారు. తెల్లవారుజామున చెమటలు పట్టి పొంతన లేకుండా మాట్లాడుతున్నారు. అందరూ వయసు కదా అంటున్నారు. ఏ మాత్ర ఆపమంటారు?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వయసు మీదకి నెట్టెయ్యకండి. ముందు ఆ చెమటల సంగతి చూడాలి, అది షుగర్ పడిపోవడం కావచ్చు. మళ్ళీ అలా అయితే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే, మెలకువగా ఉండి మింగగలిగితే, మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గ్లిబెన్‌క్లమైడ్ ఒంట్లో చాలాసేపు పనిచేస్తుంది, కిడ్నీ నెమ్మదించినవాళ్ళలో ఇంకా ఎక్కువసేపు, కాబట్టి ఒకసారి తేరుకున్నా మళ్ళీ పడిపోవచ్చు. తర్వాతి డోసు వేయాలా వద్దా అని ఈరోజే డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

ఇక మిగతావి. ఆమ్లోడిపిన్‌తో కొందరికి చీలమండలు వాస్తాయి, అది ఒంట్లో నీరు ఎక్కువై వచ్చే వాపు కాదు గనక ఫ్రూసెమైడ్‌తో పెద్దగా తగ్గదు. గుండె, కిడ్నీ బాగున్నాయని తేలితే డోసు తగ్గించడమో మందు మార్చడమో సరిపోతుంది. మీ ఇంట్లో జరిగింది ఇదే అనిపిస్తోంది: వాపుకి ఫ్రూసెమైడ్, అంటే ఒంట్లో నీటిని మూత్రంగా పంపే నీళ్ళ మాత్ర వచ్చింది, అది సాయంత్రం పూట వేస్తే రాత్రంతా బాత్రూమ్, దాంతో నిద్ర పోయింది, నిద్రకి ఆల్ప్రాజోలామ్, ఆ మత్తులో లేచి తూలి పడటం. పైగా డైక్లోఫెనాక్ కూడా వాపునీ బీపీనీ పెంచుతుంది, టెల్మిసార్టాన్, ఫ్రూసెమైడ్ వాడేవాళ్ళకి అదీ తోడైతే కిడ్నీకి దెబ్బ. కిడ్నీ దెబ్బతింటే గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం పెరిగి మళ్ళీ ఆ తెల్లవారుజాము చెమటలే.

పెద్దవాళ్ళకి వీలైతే ఇవ్వకూడని మందులకి బీర్స్ జాబితా అని ఒకటుంది, 1991లో అమెరికాలో మొదలైంది, 2023లో కూడా సవరించారు. గ్లిబెన్‌క్లమైడ్, ఆల్ప్రాజోలామ్ రెండూ అందులో ఉన్నాయి. ఒక్కో డాక్టర్‌నే తిట్టి లాభం లేదు, ఎవరికి చూపించిన బాధకి వాళ్ళు రాశారు. మన దగ్గర ఒక డాక్టర్ చీటీ ఇంకో డాక్టర్‌కి చూపించాలంటే అదో మొహమాటం, నన్నడిగితే సగం గొడవ అక్కడే ఉంది.

మీరు అడిగింది ఏది ఆపాలని కదా. డైక్లోఫెనాక్ ఈరోజే మానేయొచ్చు, నొప్పికి పారాసెటమాల్, పైపూతగా జెల్ నడుస్తాయి. ఆల్ప్రాజోలామ్ మాత్రం రోజూ వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ కూడా రావచ్చు, వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. బీపీ మాత్రల జోలికి మీ అంతట మీరు వెళ్ళొద్దు.

అన్ని స్ట్రిప్పులూ ఒక సంచిలో వేసుకుని, చీటీ లేకుండా మెడికల్ షాపులో కొన్నవీ, ఆయుర్వేదం పొడులూ సహా, ఒకే ఫిజీషియన్ ముందు పెట్టండి. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష, సోడియం, పొటాషియం చేయించమనండి, బీపీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడమనండి. షుగర్ టార్గెట్ కూడా అడగండి, ఈ వయసులో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష) 7 కిందకి తేవాలని పంతం పట్టక్కర్లేదు, చాలామందికి 8 లోపు ఉంటే చాలు.

గ్యాస్ మాత్ర స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు కూడా చదవండి. లెవోసల్పిరైడ్ అని ఉంటే డాక్టర్‌కి చెప్పండి, చేతులు వణకడం, నడక మందగించడం దానివల్ల కూడా వస్తాయి, చూసేవాళ్ళు పార్కిన్సన్స్ అనుకుని దానికి మందు మొదలుపెడతారు.