కర్నూలులో పెన్సిలిన్ ముడిసరుకు తయారు చేయడం కుదురుతుందా?

అమాక్సిసిలిన్ మాత్రలు మన దగ్గరే తయారవుతున్నా, వాటికి మూలమైన పెన్సిలిన్-జి చాలా ఏళ్లు చైనా నుంచే వచ్చింది. కర్నూలు దగ్గరి ఓర్వకల్లులో దాన్ని తీయొచ్చా అంటే, తీయొచ్చు. చిక్కంతా చల్లదనంతో, కరెంటుతోనే.

ఇది బూజును సాకే పని. పెనిసిలియం బూజుకు పెద్ద ట్యాంకులో మొక్కజొన్న నానిన ద్రావణం, చక్కెర పెట్టి ఆరేడు రోజులు పెంచాలి. పెన్సిలిన్-జి తయారీకి కావాల్సిన ఫినైల్ అసిటిక్ ఆమ్లాన్ని కొద్దికొద్దిగానే వదలాలి, ఎక్కువైతే బూజుకే విషం. వేడి 25 డిగ్రీలు, పీహెచ్ (ఆమ్లత కొలత) 6.5 దగ్గర నిలవాలి. బూజు తనే వేడి పుట్టిస్తుంది. బయట 42 డిగ్రీల ఎండ ఉంటే చిల్లర్లు (చల్లబరిచే యంత్రాలు) రాత్రింబవళ్లు తిరగాల్సిందే. కరెంటు పోయి గాలి ఆగితే నిమిషాల్లోనే ఆక్సిజన్ అడుగంటి దిగుబడి పడిపోతుంది. ఫిల్టరు దాటి బ్యాక్టీరియా చొరబడితే దాని ఎంజైము పెన్సిలిన్‌ను విరిచేస్తుంది, ట్యాంకంతా పారబోయాలి.

ఆపైన వడగట్టి, ఆమ్లం కలిపి పీహెచ్ 2-3కు దించి, ద్రావకమైన బ్యూటైల్ ఎసిటేట్‌లోకి లాగుతారు. ఆమ్లంలో పెన్సిలిన్ త్వరగా చెడుతుంది కనుక ఇక్కడ 5 డిగ్రీల చలి తప్పదు.

2020లో కేంద్రం తెచ్చిన రూ.6,940 కోట్ల ప్రోత్సాహక పథకం కింద కాకినాడ ప్రాంతంలో ఇప్పటికే పెన్సిలిన్-జి ఫ్యాక్టరీ వచ్చింది. అందుకే కర్నూలుకు మేలైన దారి, అక్కడి సరుకు తెచ్చి ఎంజైముతో 6-ఏపీఏగా (అమాక్సిసిలిన్ తయారీకి వాడే మధ్య దశ పదార్థంగా) మార్చడం. భవనం మాత్రం వేరుగా ఉండాలి. పెన్సిలిన్ దుమ్ము వేరే మందుల్లో కలిస్తే అలర్జీ ఉన్నవాళ్ల ప్రాణానికే ముప్పు.