హైదరాబాద్‌కూ మద్రాసుకూ మధ్య ఉత్తరాల చదరంగం

ప్రశ్న: మా అబ్బాయికి చెస్ కోచింగ్‌లో ఆట మొదలుపెట్టే పద్ధతులు స్కాచ్ గేమ్, ఫ్రెంచ్ డిఫెన్స్ నేర్పుతున్నారు. ఈ పేర్లు పాతకాలం క్లబ్బుల పోటీల వల్ల వచ్చాయని విన్నాను. వేరే వేరే ఊళ్లలో ఉన్న జట్లు ఎలా ఆడేవి? అందరూ కలిసి ఒక ఎత్తు ఆలోచిస్తే అది మోసం కాదా? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మోసం కాదమ్మా, కలిసి ఆలోచించడమే ఆ పోటీ. క్లబ్బులో అనుభవం ఉన్నవాళ్లు నలుగురూ చేరి, వాదించుకుని, ఒక ఎత్తు తేల్చి ఉత్తరంలో రాసి పంపేవారు. అవతలి క్లబ్బు జవాబు టపాలో రావాలి. అందుకే ఒక్కో పోటీకి ఏళ్లు పట్టేది.

లండన్, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో క్లబ్బుల పోటీ 1824లో మొదలై 1828లో ముగిసింది. మొత్తం 5 ఆటలు. ఎడిన్‌బరో రెండు గెలిచింది, ఒకటి ఓడింది, రెండు డ్రా అయ్యాయి. లండన్ జట్టులో జాన్ కోక్రేన్ అనే మంచి ఆటగాడు ఉండేవాడు. మూడో ఎత్తులోనే మంత్రి ముందున్న బంటును రెండు గడులు తోసేద్దామని తన జట్టును ఒప్పించింది ఆయనే. ఆ తర్వాత ఆయన ఇండియాకు వచ్చేశాడు. ఆ ఎత్తు బలం చూసిన ఎడిన్‌బరో వాళ్లు దాన్ని తామే వాడుకున్నారు, పోటీ గెలిచారు. లండన్ మొదలుపెట్టిన ఆట ‘స్కాచ్’ అయిపోయింది! ఫ్రెంచ్ డిఫెన్స్ కూడా ఇలాంటిదే. 1834–36లో పారిస్ క్లబ్బు లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ క్లబ్బును రెండు ఆటల్లోనూ ఓడించింది. అందులో ఒకదాంట్లో రాజు ముందు బంటును ఒక్క గడి మాత్రమే జరిపి మొదలుపెట్టింది.

ఇక మీ అబ్బాయికి తప్పకుండా చెప్పాల్సిన విషయం. ఎడిన్‌బరో పోటీ ముగిసిన 1828లోనే మన దగ్గర మద్రాసు, హైదరాబాద్ జట్లు ఉత్తరాల మీద రెండు ఆటలు మొదలుపెట్టాయి. మద్రాసు వైపు ఆటను ప్రధానంగా నడిపించింది గులాం ఖాసిం. ఆయనా, మద్రాసు సివిల్ సర్వీసులో ఉన్న జేమ్స్ కోక్రేన్ కలిసి ఆ ఆటలతో 1829లో మద్రాసులోనే పుస్తకం వేశారు. (ఈ కోక్రేన్ వేరు, లండన్ జట్టులోని జాన్ కోక్రేన్ వేరు.) అందులో ఎక్కువ భాగం ముజియో గాంబిట్ విశ్లేషణే. (గాంబిట్ అంటే దాడి కోసం మొదట్లోనే ఒక పావును వదులుకోవడం.)

ఆ గాంబిట్‌లో నల్లబంటు తెల్ల గుర్రం మీదికి దూసుకొస్తుంది. ఎవరైనా గుర్రాన్ని పక్కకు తీస్తారు. ముజియోలో తీయరు, పోతే పోనీ అని క్యాజిలింగ్ (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో జరపడం) చేస్తారు. ఖాసిం పేరుతో ఉన్న పద్ధతిలో క్యాజిలింగ్ కూడా చేయరు, మంత్రి ముందు బంటును రెండు గడులు తోస్తారు. నల్లవారు గుర్రాన్ని తింటే తెల్ల మంత్రి ఆ బంటును తిని ముందుకొస్తుంది. వెనక ఇరుక్కున్న శకటుకూ దారి తెరుచుకుంటుంది. ప్రపంచమంతా దీన్ని గులాం ఖాసిం గాంబిట్ అనే పిలుస్తోంది. మన కోచింగ్ సెంటర్లలో మాత్రం ఈ పేరు వినబడదు, నాకు అదే బాధ. దాదాపు రెండొందల ఏళ్ల కిందట హైదరాబాద్ ఆడిన పోటీ ఇది, మన పిల్లలకు తెలియకపోతే ఎలా?

కలిసి ఆడితే ఆట బాగుపడుతుందా అంటే, అందరూ ఒక మాట మీద ఉంటేనే. 1872–74లో సిటీ ఆఫ్ లండన్ క్లబ్బు వియన్నాతో ఆడినప్పుడు లండన్ కమిటీలో పేరున్నవాళ్లు చాలామందే ఉన్నారు. చివరికి భారం మోసింది తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన స్టైనిట్జ్, ఆయనతో పాటు పాటర్, ఇద్దరే. వియన్నాలో ఆటగాడిగా ఎదిగిన స్టైనిట్జ్ లండన్ తరఫున కూర్చోవడం వియన్నా వాళ్లకు ఎంత టెన్షన్ పెట్టి ఉంటుందో! లండన్ ఒకటి గెలిచి, ఒకటి డ్రా చేసుకుంది.

ఎదురెదురుగా కూర్చుని ఆడే జట్టు పోటీలూ అప్పటికే ఊపందుకున్నాయి. 1873లో మొదలైన ఆక్స్‌ఫర్డ్–కేంబ్రిడ్జ్ పోటీ నేటికీ జరుగుతోంది. సముద్రం అడుగున కేబుల్ పడ్డాక టెలిగ్రామ్‌లోనే ఎత్తులు పంపారు. 1897లో బ్రిటన్, అమెరికా దిగువ సభల సభ్యులు అలా ఆడి రెండున్నర–రెండున్నరతో సమంగా నిలిచారు.

ఈ ఆదివారం మీవాడితో బోర్డు మీద ఖాసిం ఎత్తు వేయించండి. నల్లవారి వైపు మీరు కూర్చుని, గుర్రాన్ని తినాలో వద్దో ఆలోచించి ఆడండి.